ప్రోస్టేట్ తీసేశాక: మాత్రలు, పంపు, సూది, నా పద్దెనిమిది నెలలు

"ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది" అంటే తిరుపతిలో ఎవరికైనా ఒకటే ఆపరేషన్ గుర్తొస్తుంది. నిజానికి అవి రెండు. వయసుతో పెరిగిన గ్రంథి మూత్రానికి అడ్డం పడితే లోపలి నుంచి గీకి దారి చేసేది ఒకటి, టీయూఆర్‌పీ. దాని తర్వాత చాలామందికి అంగస్తంభన ముందులాగే ఉంటుంది. వీర్యం మాత్రం బయటికి రాకుండా వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. రెండోది క్యాన్సర్‌కు చేసేది. గ్రంథిని, దాన్ని అంటుకున్న వీర్యకోశాలను మొత్తంగా తీసేస్తారు. నాకు అయింది ఈ రెండోది, 62 ఏళ్ళ వయసులో. టీయూఆర్‌పీ అయిన పక్కింటాయన "నాకు నెలకే అంతా మామూలైపోయిందబ్బా" అంటే ఆ లెక్క మనకు పనికిరాదు.

అంగానికి పోయే నరాలు ప్రోస్టేట్‌కు రెండు పక్కలా, గ్రంథి పైపొరను అంటుకుని, సన్నటి రక్తనాళాలతో కలిసి దిగుతాయి. అవి సరిగ్గా ఎక్కడ ఉన్నాయో తెలియని రోజుల్లో ఈ ఆపరేషన్ అంటే దాదాపు అందరికీ అంగస్తంభన పోయినట్టే. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ సర్జన్ పాట్రిక్ వాల్ష్ 1982లో ఆ నరాలను కావాలని వదిలిపెట్టి గ్రంథిని తీశాడు. ఇప్పుడు మన డిశ్చార్జి సమ్మరీలో "నర్వ్ స్పేరింగ్" అని కనిపించే మాట అక్కడి నుంచి వచ్చిందే. ఆ మాట పక్కన "బైలేటరల్" అని ఉందా, "యూనిలేటరల్" అని ఉందా చూసుకోవాలి. బైలేటరల్ అంటే రెండు వైపులా నరాలు మిగిలాయి, యూనిలేటరల్ అంటే ఒకవైపే. ఏమీ రాసి లేకపోతే సర్జన్‌నే అడగాలి. తర్వాత ఏ మందు ఎంత పనిచేస్తుందన్నది చాలా వరకు ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది. నాకు ఎడమవైపు పూర్తిగా, కుడివైపు కొంతే మిగిల్చారు.

నరాలు మిగిలాయి కదా, మూత్రానికి పెట్టిన పైపు తీయగానే పనిచేస్తాయి అనుకుంటాం. చేయవు. గ్రంథిని విడదీసేటప్పుడు అవి సాగుతాయి, వేడి తగులుతుంది, వాపు వస్తుంది. తెగకపోయినా మొద్దుబారిపోతాయి. తేరుకోవడానికి ఆరు నెలల నుంచి రెండేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. అసలు చిక్కు ఈ మధ్యకాలంలోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు అంగం గట్టిపడుతుంది. మంచి రక్తం, దానితో ఆక్సిజన్ లోపలి కండరానికి అందేది అలాగే. నరాలు పడుకుంటే ఆ రాత్రి పని ఆగిపోతుంది. నెలలు గడిచేకొద్దీ లోపలి మెత్తటి కండరం నారలా బిగుసుకుంటుంది, పొడవు తగ్గుతుంది, వచ్చిన రక్తం నిలవకుండా జారిపోతుంది. నరాలు లేచేసరికి అవి పనిచేయాల్సిన కండరం పాడైపోయి ఉంటుంది. అందుకే డాక్టర్లు "కోరిక ఉన్నా లేకపోయినా రక్తం రప్పిస్తూ ఉండండి" అంటారు.

పైపు నాకు పదో రోజు తీశారు. పైపు ఉన్నన్నాళ్ళూ మూత్రాశయం పట్టేసినట్టు పోట్లు వస్తాయి, వాటికి సోలిఫెనసిన్ రాశారు. పోట్లు తగ్గాయి గానీ నోరు పిడచగట్టుకుపోయింది, మలబద్ధకం వచ్చింది. లోపల కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు ముక్కడం మంచిది కాదు కాబట్టి ఇసబ్‌గోల్ రాత్రిపూట వేసుకోవాల్సి వచ్చింది. పైపు తీశాక కూడా అలవాటుగా ఆ మాత్ర మింగుతూనే ఉన్నాను. మూడో వారంలో అడిగితే "ఇంకా వేసుకుంటున్నారా?" అన్నారు. ఆపరేషన్‌కు ముందు మూత్రం దారి వదులు చేయడానికి వాడిన టామ్సులోసిన్ పట్టీ కూడా ఇంట్లో మిగిలే ఉంటుంది. గ్రంథే లేనప్పుడు దానితో పని ఏముంది? అదీ కాక, తర్వాత ఇచ్చే అంగస్తంభన మాత్రతో కలిస్తే బీపీ దిగి కళ్ళు తిరుగుతాయి. ఆపరేషన్ అయ్యాక మందుల డబ్బా మొత్తం ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద బోర్లించడం మంచిది.

పైపు తీశాకే కటి కండరాల కసరత్తు, మూత్రం కారడం తగ్గడానికి. గ్యాస్ బయటికి రాకుండా ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరమే అది. ఐదు సెకన్లు బిగించి, ఐదు సెకన్లు వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పొట్ట, పిరుదులు బిగిస్తుంటే తప్పు చేస్తున్నట్టే. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి చేయడం అలవాటు చేసుకోకూడదు. సాయంత్రానికి కండరం అలసిపోయి ఎక్కువ కారుతుంది, అది మామూలే. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎక్కే సాహసం నేను నాలుగో నెలలో చేశాను. పైన ప్యాడ్ మార్చుకోవాల్సి వచ్చిందంతే.

ఇక అంగస్తంభన మాత్రలు, సిల్డెనాఫిల్, తడలాఫిల్. ఆపరేషన్ అయిన రెండో నెలలో డాక్టరు గదిలో జరిగిన మాటలు ఇవి.

"మాత్ర పనిచేయలేదు సార్."

"ఎన్నిసార్లు వేసుకున్నారు?"

"రెండుసార్లు."

"ఏం తిని?"

"ఆదివారం రాత్రి సార్. సంగటి, నాటుకోడి పులుసు."

"వేసుకుని ఏం చేశారు?"

"ఏమన్నా అవుతుందేమోనని పడుకుని చూశా."

ఆయన నవ్వలేదు. చీటీ వెనక ఒక తొట్టి గీశారు. "ఈ మాత్ర తొట్టి అడుగున ఉన్న తూము మూస్తుంది, అంతే. నీళ్ళు పోయాల్సింది మోటారు. మోటారుకు కరెంటు ఇచ్చేది మీ నరాలు. కరెంటు లేనప్పుడు తూము మూసి కూర్చుంటే తొట్టి నిండుతుందా?" అన్నారు. ఊళ్ళో బోరు, కరెంటు కోత చూసినవాడికి ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

రెండు మాత్రలకూ పద్ధతి వేరు. సిల్డెనాఫిల్ ఖాళీ కడుపుతో, పని అనుకున్నదానికి గంట ముందు వేసుకోవాలి. నూనె, మాంసం ఉన్న భోజనం తర్వాత వేస్తే ఒంట్లోకి ఎక్కడం ఆలస్యమవుతుంది, బలమూ తగ్గుతుంది. దాని ప్రభావం నాలుగైదు గంటలు. 65 దాటినవాళ్ళకు 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, మిగతావాళ్ళకు 50, పైకి 100 దాకా. తడలాఫిల్‌కు భోజనంతో పేచీ లేదు, 36 గంటల దాకా ఉంటుంది. రోజూ అయితే 5, అవసరానికైతే 10 లేదా 20 మిల్లీగ్రాములు. ఏది వేసుకున్నా స్పర్శ, కోరిక లేకుండా దానంతటది ఏమీ జరగదు. పద్ధతిగా ఆరు నుంచి ఎనిమిది సార్లు ప్రయత్నించాకే పనిచేయలేదు అనాలి. నేను చేసింది రెండుసార్లు, రెండూ తప్పే.

రోజూ 5 మిల్లీగ్రాముల తడలాఫిల్ వేసుకుంటే నరాలు తొందరగా తేరుకుంటాయా? వాడినన్నాళ్ళూ ఉపయోగం కనిపిస్తుంది గానీ, ఆపేశాక సొంతంగా వచ్చే అంగస్తంభన దానివల్ల పెరుగుతుందని పరీక్షల్లో గట్టిగా తేలలేదు. నాకు రాసినాయనే ఈ మాట చెప్పారు. కాబట్టి దుష్ప్రభావాలు భరించలేనివి అయితే దీన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. నాకు మూడో రోజు నుంచి నడుము, తొడల వెనక పట్టేసిన నొప్పి. ఆపరేషన్ నొప్పి అనుకున్నాను. తడలాఫిల్ వేసుకున్న 12 నుంచి 24 గంటల్లో మొదలై రెండు రోజుల్లో పోయే నొప్పి ఇది, మందు గుణం. మాత్ర వేసుకునే వేళ మార్చాక తగ్గింది.

తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు బిగిసిపోవడం, గుండెల్లో మంట రెండు మాత్రలకూ ఉన్నాయి. రక్తనాళాలు వదులయ్యే మందు కాబట్టి అంగంలో ఒక్కచోటే ఎందుకు ఆగుతుంది? తలనొప్పికి నీళ్ళు బాగా తాగడం, తప్పకపోతే పారాసెటమాల్. ముక్కు బిగిసిందని చుక్కల మందు వారాల తరబడి వేసుకుంటే ముక్కు ఇంకా మొండికేస్తుంది, ఉప్పునీటి చుక్కలు చాలు. సిల్డెనాఫిల్‌తో కొందరికి వెలుతురు నీలంగా కనిపిస్తుంది, అది కాసేపే. ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారినా, చెవి వినపడకపోయినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. మే నెల ఎండలో నీళ్ళు తక్కువ తాగి, బీపీ మాత్ర, ఈ మాత్ర రెండూ పడితే మంచం మీది నుంచి లేచేటప్పుడు తూలు వస్తుంది. కాళ్ళు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చుని లేవడం నేర్చుకున్నాను.

నా వాడకంలో పెద్ద పొరపాటు ఇంకోచోట జరిగింది. ఎండాకాలం, పగలంతా ప్యాడ్, తడి. గజ్జల్లో తామర పట్టింది. చర్మం డాక్టరు ఇట్రాకొనజోల్ రాశారు. నేను వాడే మాత్రల పేర్లు ఆయనకు చెప్పలేదు. ఈ మాత్ర పేరు చెప్పడానికి సిగ్గు, అంతే. నాలుగు రోజులకు తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రగా, ఛాతీలో దడ. ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివి కాలేయంలో తడలాఫిల్, సిల్డెనాఫిల్ విరిగే దారిని మూసేస్తాయి. వేసుకునేది 5 మిల్లీగ్రాములే అయినా రక్తంలో రోజురోజుకూ పేరుకుంటుంది. ఫంగస్ మందు కోర్సు అయ్యేదాకా తడలాఫిల్ ఆపించారు. అప్పటి నుంచి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను: ఏ మాత్ర, ఎంత, ఎన్ని గంటలకు, ఏం తిని, ఏం జరిగింది. మందు పనిచేయలేదని నేననుకున్న రోజుల్లో సగానికి పైగా కారణం ఆ పేజీలోనే దొరికింది.

వీటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది గుండె మందు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, దాని జాతి నైట్రేట్లు, నికోరాండిల్ వాడేవాళ్ళు ఈ మాత్రలు అసలు ముట్టకూడదు. బీపీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, తడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో ఛాతీ నొప్పి వస్తే, పక్కవాళ్ళు ప్రేమతో జేబులోంచి సార్బిట్రేట్ తీసి ఇచ్చినా వద్దని, అంబులెన్స్‌లోనైనా ముందు ఈ సంగతి చెప్పాలి. అందుకే మా ఆవిడకు ఈ మాత్ర పేరు, వేసుకున్న రోజు తెలుసు. బస్టాండు గోడల మీద "రహస్య సమస్యలకు" అని రాసి అమ్మే పొడుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మూలికల పేరుతో వచ్చే ఇలాంటి వాటిలో సిల్డెనాఫిల్ కలిపి పట్టుబడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి. ఎంత కలిపారో ఎవరికీ తెలియదు.

ఆరో వారం నుంచి పంపు, అంటే గొట్టంలోని గాలి తీసేసి అంగంలోకి రక్తం లాగే పరికరం. పారదర్శకమైన గొట్టం, దాని తలకు చేతి పంపు, రబ్బరు రింగులు, రింగు ఎక్కించే గరాటు, జెల్లీ. గొట్టంలో ఆ లాగుడు ఒక హద్దు దాటితే తానే గాలి వదిలేసే వాల్వు ఉన్నదే కొనాలి. అది లేని ఆటబొమ్మలు తక్కువ ధరకు దొరుకుతాయి, రక్తనాళాలు చిట్లుతాయి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందు వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా దీని జోలికి పోకూడదు.

మొదటి వారం నాకు గొట్టం పట్టు నిలవలేదు. కారణం మొదట్లో వెంట్రుకలు. కత్తిరించాక, గొట్టం అంచుకు, అంగం మొదలుకు నీళ్ళతో కరిగే జెల్లీ దండిగా రాశాక గాలి కారడం ఆగింది. కొబ్బరినూనె, వ్యాజిలిన్ రాస్తే రబ్బరు పాడవుతుంది. గొట్టాన్ని ఒంటికి గట్టిగా అదిమి, కొంచెం పైకి ఎత్తి పట్టుకోవాలి. లేకపోతే వృషణాల చర్మం లోపలికి లాక్కుంటుంది, ప్రాణం పోయినంత పని అవుతుంది. మూడు నాలుగు సార్లు కొట్టి, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ. కసరత్తు కోసం అయితే రింగు వద్దు: నిండాక ఒకటి రెండు నిమిషాలు ఉంచి, వదిలి, మళ్ళీ నింపి, మొత్తం పది నిమిషాలు, రోజూ. కలయిక కోసం అయితే రింగు జార్చి గొట్టం తీసేయాలి, 30 నిమిషాలు దాటకుండా రింగు విప్పాలి. రింగు ముందు భాగమే నిండుతుంది, వెనక మొదలు మెత్తగానే ఉంటుంది కాబట్టి అంగం తలుపు బందు మీద ఊగినట్టు ఊగుతుంది. చల్లగా, కొంచెం నీలంగా ఉంటుంది. ఎర్రటి చుక్కలు వస్తే తొందరపడి ఎక్కువ లాగినట్టు. పంపుతో నరాలు బాగుపడవు. పొడవు నిలబెట్టడంలో మాత్రం నాకు మాత్రకన్నా ఇదే నమ్మకం.

ఏడో నెల దాకా మాత్రతో పట్టు రాలేదు. అప్పుడు సూది. పాపావరిన్, ఫెంటాలమిన్ కలిపిన మందు. దీనికి నరాల కరెంటు అక్కర్లేదు, ట్యాంకరు తెచ్చి తొట్టిలో నేరుగా వదిలినట్టే. మొదటి మోతాదు డాక్టరు గదిలోనే, చాలా తక్కువతో వేసి చూస్తారు. నరాలు దెబ్బతిన్నవాళ్ళకు ఈ మందు ఎక్కువగా పనిచేస్తుంది, అందుకే అంత జాగ్రత్త.

ఇంట్లో వేసుకోవడానికి ఇన్సులిన్ సిరంజి. ఇక్కడే మెడికల్ షాపు కుర్రాడు ఒక ప్రశ్న వేశాడు: "నలభయ్యా, నూరా సార్?" నాకు అర్థం కాలేదు. ఇన్సులిన్ సిరంజిలు మన దగ్గర రెండు రకాలు. ఎర్ర మూతది ఒక మిల్లీలీటరుకు 40 గీతల లెక్క, నారింజ మూతది 100 లెక్క. డాక్టరు 0.2 మిల్లీలీటర్లు అంటే నారింజ సిరంజిలో 20, ఎర్ర సిరంజిలో 8. నారింజ లెక్క గుర్తుపెట్టుకుని ఎర్ర సిరంజిలో 20 దాకా లాగితే 0.5 మిల్లీలీటర్లు, అంటే రెండున్నర రెట్లు. ఆ రాత్రి ఆసుపత్రిలో తెల్లవారుతుంది. చీటీ మీద సిరంజి మూత రంగు కూడా రాయించుకున్నాను.

కూర్చుని అంగాన్ని తొడ వైపు సాగదీసి పట్టుకుని, మొదలుకు దగ్గరగా, పక్క భాగంలో, గడియారంలో పది లేదా రెండు ఉండేచోట నిటారుగా గుచ్చాలి. పైన నడిమధ్య నరాలు, కింద మూత్రనాళం ఉంటాయి, అటు వద్దు. కనిపించే రక్తనాళాన్ని తప్పించాలి. మందు మెల్లగా ఎక్కించి, సూది తీసి, ఐదు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోవాలి. ఈసారి కుడి అయితే వచ్చేసారి ఎడమ. ఒకేచోట పొడిస్తే గడ్డకట్టి వంకర తిరుగుతుంది. 24 గంటల్లో ఒకసారి, వారానికి మూడుకు మించకూడదు. అదే రోజు మాత్ర వేయకూడదు. గట్టిదనం నాలుగు గంటలు దాటినా దిగకపోతే ఏ వేళైనా ఎమర్జెన్సీకి పోవాలి. ఇంకా ఆలస్యమైతే లోపలి కండరం చచ్చిపోతుంది. అక్కడికి పోయి సిగ్గుపడి "ఏమీ వాడలేదు" అనడం ఇంకా చెడ్డది. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు వేశామో చెబితే వాళ్ళు రక్తం లాగి విరుగుడు సూది వేస్తారు.

ఎవరూ ముందుగా చెప్పనిది ఇంకొకటి. వీర్యం ఇక రాదు. గ్రంథీ, వీర్యకోశాలూ లేవు కదా. ఆ క్షణపు సుఖం మాత్రం ఉంటుంది, అంగం గట్టిపడకపోయినా ఉంటుంది. ఆ సమయంలో కొంచెం మూత్రం జారవచ్చు. మూత్రాశయం మెడ దగ్గర మూసే కండరం గ్రంథితోపాటే పోయింది, అందుకు. ముందే మూత్రం పోసుకోవడం, రెండు గంటల ముందు నుంచి టీ, కాఫీ మానడం, రింగు వాడటం చాలావరకు ఆపుతాయి. మా ఆవిడ "పక్కన తువ్వాలు ఏసుకుంటే పోతుంది గదా, దానికింత ఆలోచన ఎందుకు?" అంది. ఆమెకూ వయసుతో వచ్చిన పొడితనం ఉంది, అదే జెల్లీ ఇద్దరికీ పనికొచ్చింది.

క్యాన్సర్ తిరగబెట్టిందా అని చూసే రక్తపరీక్ష, పీఎస్ఏ, మూడో నెల నుంచి 0.1 కన్నా తక్కువే ఉంది. అది పెరిగి ల్యూప్రొలైడ్ లాంటి హార్మోను సూది మొదలైతే లెక్క వేరే. అప్పుడు తగ్గేది మగ హార్మోను టెస్టోస్టిరాన్. కోరికే ఉండదు, ఒంట్లోంచి ఆవిర్లు, మాత్ర అంతగా పనిచేయదు. అది చూసి సొంతంగా "మగతనం పెంచే" హార్మోను వేయించుకుంటే క్యాన్సర్‌కు మేత వేసినట్టే. షుగర్ ఉన్నవాళ్ళకు తేరుకోవడం ఇంకా ఆలస్యం. నాకు అదీ ఉంది, అందుకే నా నెలలను మీ నెలలతో పోల్చకండి.

పదకొండో నెలలో తెల్లవారుజామున మొదటిసారి కొంచెం నిండినట్టు అనిపించింది. గట్టిదనం కాదు, బరువు. ఇప్పుడు పద్దెనిమిదో నెల. 20 మిల్లీగ్రాముల తడలాఫిల్‌తో మూడింట రెండుసార్లు పని జరుగుతోంది, పంపు కసరత్తు వారానికి నాలుగు రోజులు. లోపల కడ్డీలు అమర్చే ఆపరేషన్ గురించి అడిగాను. నరాలు ఇంకా లేస్తున్నాయి, రెండేళ్ళు నిండనివ్వండి అన్నారు. అది చేస్తే లోపలి మెత్తటి కండరం మళ్ళీ సొంతంగా పనిచేసే అవకాశం ఉండదు కాబట్టి తొందరపడరు. సూది మందు బుడ్డి ఫ్రిజ్ తలుపులో ఉంది. పోయిన నెల చెన్నైకి పోయేటప్పుడు ఐసు సంచిలో పెట్టుకున్నాను, విప్పే పని పడలేదు. దాని గడువు వచ్చే పీఎస్ఏ కన్నా ముందే తీరుతుంది, ఈసారి ఒక్క బుడ్డే రాయమన్నాను.